రాత్రి 9:52కి వెళ్లిన మెసేజ్: విశాఖలో ఒక ల్యాబ్ రిపోర్టుల కేస్ స్టడీ

మేం నలుగురం. విశాఖపట్నంలో ఆస్పత్రులకు, ల్యాబులకు సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంటాం. నగరంలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు మేం రాసిన రిపోర్టుల సిస్టమ్ ఒక కుటుంబాన్ని రాత్రంతా ఏడిపించింది. ఆ రోజు సర్వర్ ఆగిపోలేదు, ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్లలేదు. మేం రాసిన ప్రతి లైనూ అనుకున్నట్టే పనిచేసింది. అందుకే దీన్ని పూర్తిగా రాయాలనిపించింది. సెంటర్ పేరు చెప్పను. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. తప్పు మాత్రం మాదే.

ముందు ఏముండేది

పెద్ద వైద్యం అంటే ఉత్తరాంధ్ర అంతా విశాఖకే వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి, పాడేరు, అరకు, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ వైపు నుంచి కూడా వస్తారు. పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, ఆటో ఎక్కి, పరగడుపున రక్తం ఇచ్చి, సాయంత్రం దాకా రిపోర్టు కాగితం కోసం బెంచీ మీద కూర్చునేవారు. బయాప్సీ, అంటే గడ్డ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష అయితే, ఒక రోజులో రాదు. మళ్లీ ఇంకో ప్రయాణం, ఇంకో రోజు కూలి పోవడం, లేదా చుట్టాల ఇంట్లో మొహమాటంగా ఉండిపోవడం.

మెసేజ్‌లో లింక్ పంపడం మొదలుపెట్టాక ఆ తిరుగుడు చాలా తగ్గింది. ఆ మేలు నిజమైనదే. పలాస నుంచి షుగర్ రిపోర్టు కోసం రెండోసారి రావాల్సిన అవసరం లేకుండా చేశామని మాకు గర్వంగానే ఉండేది. కాగితం రోజులే బాగుండేవని నేను అనడం లేదు.

ల్యాబులన్నీ ఒక కొలతను ప్రాణంగా చూసుకుంటాయి. టర్న్ అరౌండ్ టైమ్, వాళ్ల మాటలో టీఏటీ. శాంపిల్ తీసిన క్షణం నుంచి రిపోర్టు చేతికి అందే వరకు పట్టే సమయం అది. మా డ్యాష్‌బోర్డులో టీఏటీ టార్గెట్ లోపల ఉంటే ఆకుపచ్చ గడి, దాటితే ఎర్ర గడి. శాంపిల్ చూసి రిపోర్టు ఖాయం చేసే డాక్టరు, అంటే పాథాలజిస్ట్, కంప్యూటర్లో ఓకే నొక్కగానే లింక్ వెళ్లిపోయేది. మధ్యలో మనిషి లేడు. మధ్యలో మనిషి లేకపోవడమే మేం అమ్మిన వస్తువు.

ఆ రాత్రి

కార్తీక సోమవారం. యాభై దాటిన ఒకామె గాజువాకలో చెల్లెలి ఇంట్లో ఉంది. రొమ్ములో గడ్డ ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుందని చెప్పారు కాబట్టి ఆ రోజు దాని గురించి ఎవరూ ఆలోచించడం లేదు. చుక్కను చూసి ఉపవాసం విడిచి, అన్నాలు తిని, పక్కలు వేసుకుంటున్నారు.

బిల్లింగ్‌లో ఇచ్చిన నంబరు చెల్లెలి కొడుకుది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లాడు. రాత్రి 9:52కి అతని ఫోన్ మోగింది. లింక్ తెరిచాడు. నాలుగు లైన్ల ఇంగ్లిష్, చివర్లో 'ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 2'. ఆ మాటలు గూగుల్‌లో కొట్టాడు. రొమ్ము క్యాన్సర్ అని వచ్చింది. "ఏట్రా, రిపోర్టేనా? ఏటుంది అందులో?" అని పెద్దమ్మ అడిగింది. పదిహేడేళ్ల పిల్లాడికి ఆ క్షణంలో అబద్ధం చెప్పడం చేతకాలేదు.

మెసేజ్ వచ్చిన చోటికి తిరిగి ఫోన్ చేయబోయాడు. అది నంబరు కాదు, ఆరు ఇంగ్లిష్ అక్షరాల పేరు. బిల్లు మీద ఉన్న ల్యాండ్‌లైన్ మోగి మోగి ఆగిపోయింది. సర్జన్ గారి నంబరు వాళ్ల దగ్గర లేదు. తెల్లవారుజామున మొదటి సిటీ బస్సు పట్టుకుని వచ్చి సెంటర్ మెట్ల మీద కూర్చున్నారు. కౌంటర్ ఏడింటికి తెరిచారు. పాథాలజిస్ట్ పదకొండుకు వచ్చారు. సర్జన్ ఓపీ మధ్యాహ్నం రెండింటికి. గడ్డ చిన్నదేననీ, చంకలోకి పాకినట్టు లేదనీ, ఆపరేషనూ మందులూ ఉన్నాయనీ, ఇది కుదిరే వైద్యమనీ ఆయన చెప్పారు. ఇది ఆమెకు తెలిసేసరికి పదహారు గంటలు దాటింది. ఈలోగా తన మెడలోని వస్తువులు ఏ కూతురికి ఏది ఇవ్వాలో చెల్లెలికి చెప్పేసింది.

నాకు ఫోన్ చేసింది కౌంటర్ దగ్గర పనిచేసే అక్క. "బాబూ, రాత్రి పూట అలాటి రిపోర్టు ఎలా పంపారు? ఇక్కడ మెట్ల మీద కూర్చున్నారు, ఒక్కసారి వచ్చి చూడు" అంది. వెళ్లాను. ఆ పిల్లాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, ఎవరి మొహమూ చూడడం లేదు. తప్పు చేసింది తనే అన్నట్టు ఉన్నాడు. నేనెవరో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆఫీసుకు వచ్చి లాగ్ తీశాను. పంపిన నాలుగు సెకన్లకే 'డెలివర్డ్' అని ఉంది. టీఏటీ గడి ఆకుపచ్చగా ఉంది. చెప్పిన గడువు కంటే రెండు రోజులు ముందే ఇచ్చినందుకు ఆ రిపోర్టు మా లెక్కలో మంచి మార్కులు తెచ్చుకుంది.

కౌంటర్ దగ్గర కూర్చుని చూస్తే

కోడ్ ముట్టుకోకుండా నాలుగు రోజులు బిల్లింగ్ కౌంటర్ పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను. ఈ పని మూడేళ్ల ముందే చేసి ఉండాల్సింది.

మొదట తెలిసింది: 'రిజిస్టర్డ్ మొబైల్' అని మేం పిలిచేది చాలాసార్లు రోగిది కాదు. కొడుకుది, అల్లుడిది, ఊరి ఆశా వర్కర్‌ది, తీసుకొచ్చిన ఆటో అతనిది. ఏజెన్సీ నుంచి వచ్చిన ఒకాయన ఫోన్ ఉందన్నాడు కానీ, సిగ్నల్ గుట్ట మీదే దొరుకుతుందట. సంత రోజు కిందికి వచ్చినప్పుడు మెసేజ్‌లన్నీ ఒకేసారి పడతాయట. కొత్తగా పెళ్లైన అమ్మాయి గర్భం పరీక్షకు వచ్చింది. నంబరు చెప్పింది పక్కనున్న అత్తగారు. రిపోర్టు ముందు ఎవరికి తెలుస్తుందో ఆ అమ్మాయి అడగలేదు, మా ఫారం కూడా అడగలేదు. ఫారంలో ఒకే ఒక గడి ఉండేది, పది అంకెలు పట్టే గడి.

రెండోది చదవడం గురించి. కరోనా రోజులు జనానికి ఒక పాఠం నేర్పి వెళ్లాయి: పాజిటివ్ అంటే ప్రమాదం, నెగెటివ్ అంటే గండం గడిచింది. రొమ్ము క్యాన్సర్ రిపోర్టుల్లో ఈఆర్, పీఆర్ అనే రెండు హార్మోన్ గ్రాహకాల పరీక్షలు ఉంటాయి. అవి పాజిటివ్ వస్తే హార్మోన్ మాత్రలు పనిచేసే అవకాశం ఉందని అర్థం, అంటే రోగికి కలిసొచ్చే విషయం. 'పాజిటివ్' అని రెండుసార్లు చూసి కాళ్లు చల్లబడిన ఒక భర్తను నేను చూశాను. రిపోర్టులో ఒక్క అక్షరం తప్పు లేదు.

మూడోది రంగు. నార్మల్ రేంజ్ దాటిన ప్రతి అంకెనూ మా సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపేది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాను. ఎవరూ అడగలేదు, ఇంజినీర్లం మాకు మేమే పెట్టాం, చూడగానే తెలుస్తుందని. కానీ నార్మల్ రేంజ్ అనేది ఎలా తయారవుతుంది? ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నూటికి 95 మంది అంకెలు ఏ హద్దుల మధ్య పడతాయో అదే సాధారణంగా రేంజ్. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కో పరీక్షలో ఇరవైకి ఒక వంతు హద్దు దాటే వీలుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షల ప్యాకేజీ చేయిస్తే, కనీసం ఒక్క అంకె అయినా ఎర్రబడే అవకాశం లెక్క ప్రకారం 64 శాతం. మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకున్న ఆరోగ్యవంతుల్లో సగానికి పైగా మనుషులకు మేం రంగుతో టెన్షన్ పెడుతున్నామన్నమాట. ఎరుపు తీసేశాం. హద్దు దాటిన అంకె పక్కన చిన్న బాణం గుర్తు, పైకో కిందికో, అంతే. ఇది అరగంట పని. ఈ మొత్తం ప్రాజెక్టులో ఇంత తేలికైన మార్పు ఇంకోటి లేదు.

ల్యాబుల్లో అప్పటికే ఉన్న ఆచారం

మేం కొత్తగా ఏదో కనిపెట్టాలనుకున్నాం. పాథాలజిస్ట్ మేడం నవ్వకుండా ఒక మాట చెప్పారు. రక్తంలో పొటాషియం ప్రాణం మీదికి వచ్చేంత పెరిగితే ల్యాబ్ మెసేజ్ పంపి ఊరుకోదు. డాక్టరుకు ఫోన్ చేసి, ఎవరు ఎత్తారో, ఏ టైముకు చెప్పారో, అవతలివాళ్లు అంకెను తిరిగి చదివి వినిపించారో లేదో రిజిస్టర్‌లో రాస్తుంది. వీటిని క్రిటికల్ వాల్యూస్ అంటారు. అమెరికా పాథాలజిస్ట్ జార్జ్ లండ్‌బర్గ్ 1972లో ప్యానిక్ వాల్యూస్ అనే పేరుతో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ల్యాబుల నాణ్యతకు ప్రామాణికమైన ఐఎస్ఓ 15189 కూడా దీన్ని కోరుతుంది. "శరీరానికి ప్రమాదం అయితే ఫోన్ చేస్తున్నాం. మనసుకు దెబ్బ తగిలేదైతే లింక్ పంపుతున్నాం" అన్నారామె.

డాక్టర్ల వైపు నుంచీ ఒక దారి ఉంది. చెడ్డ కబురు ఎలా చెప్పాలో క్యాన్సర్ రంగంలో పనిచేసిన వైద్యులు బైల్, బక్‌మన్, వారి సహచరులు 2000లో ఆరు మెట్లుగా రాశారు. స్పైక్స్ అని పిలుస్తారు. ఏకాంతంగా కూర్చునే చోటు చూడడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో కనుక్కోవడం, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో అడగడం, ఆ తర్వాతే విషయం చెప్పడం, వాళ్ల దుఃఖానికి జాగా ఇవ్వడం, చివరికి తర్వాత ఏం చేయాలో కలిసి అనుకోవడం. చెప్పడం నాలుగో మెట్టు. మా సిస్టమ్ మూడు మెట్లు ఎగిరి నాలుగో దాని మీద దూకేది, అక్కడే ఆగిపోయేది.

హెచ్‌ఐవీ విషయంలో చట్టమే ఉంది. 2017 నాటి హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలంటుంది. ఆ రిపోర్టులు కూడా మా దగ్గర అదే లింక్ దారిలో వెళ్లేవి. ఇది గమనించిన రోజు ఆ దారి వెంటనే మూసేశాం.

అసలు చిక్కు

మొదట మాకు తోచిన పరిష్కారం తేలికగా కనిపించింది. మంచి రిపోర్టు అయితే లింక్, చెడ్డ రిపోర్టు అయితే ఫోన్. రెండు రోజుల్లో కోడ్ రాసేశాం. టెస్టింగ్‌కు కౌంటర్ అక్కకు చూపించాం.

ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే మా ఫోన్ వస్తేనే వాళ్లకు తెలిసిపోద్ది కదా" అంది.

నిజమే. పక్కింటావిడకు లింక్ వచ్చి, తనకు 'డాక్టరు గారు మాట్లాడతారట, రండి' అని ఫోన్ వస్తే ఇక చెప్పడానికి ఏం మిగిలింది? నెల తిరిగేసరికి మా నంబరు చూస్తేనే జనం వణుకుతారు. ఊళ్లో టెలిగ్రాం జవాను గుమ్మంలోకి వస్తే కవరు విప్పకముందే ఏడుపు మొదలయ్యేదని మా నాన్నమ్మ చెప్పేది. అదే పని మళ్లీ మేం చేయబోయాం. ఫలితాన్ని బట్టి దారి మార్చితే ఆ దారే ఫలితాన్ని చాటుతుంది.

అందుకని ఫలితాన్ని వదిలేసి, పరీక్ష రకాన్ని పట్టుకున్నాం. ముక్క పరీక్ష (బయాప్సీ), గడ్డలోకి సూది గుచ్చి చేసే పరీక్ష, హెచ్‌ఐవీ, మరికొన్ని ఒక జాబితా. ఇవి మంచివైనా చెడ్డవైనా మనిషే చెప్పాలి. గడ్డలో ఏమీ లేదని తేలినా ఫోనే. మామూలు రక్తపరీక్షలు, షుగర్, థైరాయిడ్ ఎప్పటిలాగే వెంటనే లింక్. జాబితా తయారు చేయడానికి పాథాలజిస్ట్‌తో మూడు సాయంత్రాలు కూర్చున్నాం. గర్భం పరీక్షను ఎటు వేయాలనే దాని మీదే ఒక సాయంత్రం పోయింది. చివరికి దాన్ని రెండో జాబితాలోనే ఉంచి, లింక్ ఎవరి ఫోన్‌కు పోవాలో ఆ అమ్మాయినే విడిగా, రక్తం తీసే గదిలో అడగాలనుకున్నాం. అక్కడికి వెంట వచ్చినవాళ్లు రారు. సాఫ్ట్‌వేర్‌లో పెట్టలేని ఏకాంతం ఆ కర్టెన్ వెనక ఉంది.

మొదటి జాబితాలోని రిపోర్టు సిద్ధమవగానే ముందు పంపించిన డాక్టరుకు వెళ్తుంది. ఆయన చూశాక, పగటి పూట, మా నర్సమ్మ రోగికి ఫోన్ చేస్తుంది. ఆమె ఫలితం చెప్పదు. "ఇప్పుడు మాట్లాడొచ్చా అమ్మా? పక్కన మీవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, డాక్టరును కలిసే టైము కుదురుస్తుంది. రిపోర్టు వచ్చి ఒక రోజు దాటినా డాక్టరు చూడకపోతే పాథాలజిస్టే మాట్లాడాలి. దీనికి మేడం ఒప్పుకోవడానికి టైం పట్టింది. మైక్రోస్కోపు వెనకే పనిచేస్తూ, రోగితో ఎదురుగా కూర్చుని మాట్లాడి ఏళ్లయిందనీ, తనకే భయంగా ఉందనీ చెప్పారు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా ఆమె గది తలుపు తీసి ఉంటుంది. మేం రాసిన కోడ్ అంతా కలిపినా ఆ గంటకు సాటి రాదని నా నమ్మకం.

ఏడు అక్షరాలు, ఇరవై ఒకటి

మెసేజ్‌ల భాష గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో పంపాలనుకునే ప్రతివాళ్లకూ ఇది తగులుతుంది.

ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాల హద్దు. తెలుగుకు 70. హద్దు దాటితే రెండో మెసేజ్ కింద లెక్క, రెండు డబ్బులు. అంతే అయితే సర్దుకోవచ్చు. 'మీ రిపోర్టు వచ్చింది.' అనే వాక్యం తీసుకోండి. మన కంటికి ఏడు అక్షరాలు, రెండు ఖాళీలు, ఒక చుక్క. ఫోన్ లెక్కలో 21. 'చ్చిం' మనకు ఒక అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను లెక్కపెట్టుకునే యూనికోడ్‌కు చ, పొల్లు, మళ్లీ చ, గుడి, సున్న, మొత్తం ఐదు. ఒత్తులున్న భాషకు ఒత్తుకొక పన్ను. ఇదే మాట ఇంగ్లిష్‌లో చెప్పినా సరిగ్గా 21 అక్షరాలే అవుతుంది, కానీ వాళ్ల సంచి మన సంచికి రెట్టింపు కంటే పెద్దది. తెలుగు అక్షరాల కట్టు యంత్రాలకు ఎంత కొత్తో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా'ను ఒక ప్రత్యేక క్రమంలో రాసిన మెసేజ్ వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. 11.2.6 అప్‌డేట్ వచ్చాక గానీ అది సర్దుకోలేదు.

డబ్బు మిగలాలంటే ఇంగ్లిష్ లిపిలో తెలుగు రాయమని మెసేజ్‌లు పంపే ఏజెన్సీ సలహా ఇచ్చింది. కుర్రాళ్లకు అది అలవాటే. కానీ ఈనాడు చదివే అరవై ఏళ్ల పెద్దాయనకు అది ఇటు తెలుగూ కాదు, అటు ఇంగ్లిషూ కాదు. వద్దన్నాం.

మా మొదటి తెలుగు మెసేజ్ మా ఇంజినీరే అనువదించాడు: 'ప్రియమైన వినియోగదారుడా, మీ నివేదిక సిద్ధంగా ఉన్నది. దిగుమతి కొరకు క్రింది లంకెను నొక్కగలరు.' కౌంటర్ దగ్గర ఒకామెకు చూపిస్తే, "కోర్టు కాగితమా బాబూ?" అంది. రిపోర్టును నివేదిక అనేవాళ్లు ఆ హాల్లో ఒక్కరూ లేరు. చివరికి మాటలు కూర్చింది కౌంటర్ అక్కే. 'మీ రిపోర్టు వచ్చింది. సందేహం ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి, మా నర్సు మాట్లాడతారు.' నంబరు వేయకముందే 78 అయింది. రెండు మెసేజ్‌ల ఖర్చు. మేనేజ్‌మెంట్ 'సందేహం ఉంటే' తీసేయమంది, అది తీసేసినా 70 లోపు నంబరు పట్టదు. పోట్లాడి ఉంచాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల వల్ల ప్రతి మెసేజ్ టెంప్లేట్‌నూ ముందే నమోదు చేయాలి, ఒక కామా మార్చినా మళ్లీ నమోదు. కాబట్టి ఈ పోట్లాటలన్నీ ముందే పూర్తి చేసుకోవడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యం ఆ నంబరు. పాత మెసేజ్‌కు తిరిగి మాట్లాడే దారి లేదు. మన ఊళ్లలో దండోరా వేసేవాడిని కూడా ఆపి 'ఏటి బాబూ, మళ్లీ చెప్పు' అని అడగొచ్చు. మాది అంతకంటే తక్కువది. ఇప్పుడు ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆ నంబరును ఒక నర్సు ఎత్తుతుంది. తొమ్మిది తర్వాత ఏ మెసేజూ వెళ్లదు, ఎత్తేవాళ్లు లేనప్పుడు మోగించకూడదని.

చదవలేని వాళ్లకు రికార్డు చేసిన గొంతుతో కాల్ పెట్టాం. మొదట కంప్యూటర్ గొంతు వాడాం, జనం రెండో మాటకే కట్ చేశారు. లోన్ కావాలా అని వచ్చే కాల్స్, పోలీసులమని బెదిరించే మోసాలు, అన్నీ అలాంటి గొంతుతోనే మొదలవుతున్నాయి మరి. తర్వాత కౌంటర్ అక్క గొంతు రికార్డు చేశాం. ల్యాబులో యంత్రాల హోరు తగ్గేది ఆదివారం మధ్యాహ్నం మాత్రమే. ఆమె "నేను ల్యాబు నుంచి మాట్లాడుతున్నానమ్మా, బిల్లు దగ్గర కలిశాం కదా" అని మొదలుపెట్టింది. అది మేం రాసిచ్చిన స్క్రిప్టులో లేదు. ఆ కాల్‌ను చివరిదాకా విన్నవాళ్లు ఉన్నారు.

మేం మళ్లీ చేసిన తప్పు

కొత్త పద్ధతి మొదలైన మూడో వారంలో ఒకాయన కౌంటర్ దగ్గర గట్టిగా గొడవ చేశాడు. రిటైర్డ్ ఉద్యోగి, ఒంటరిగా ఉంటాడు. బయాప్సీ రిపోర్టు ముందురోజే తయారైందని తెలుసుకున్నాడు. "నా ఒంటి సంగతి నాకంటే ముందు ఎవరికో ఎందుకు చెప్పారు? నేను చిన్నపిల్లాడినా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. అమెరికాలో క్యూర్స్ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం 2021 ఏప్రిల్ నుంచి రిపోర్టులను ఆపకుండా రోగికి అందుబాటులో ఉంచాలి. అక్కడి వాదన ఈయన వాదనే. దయ పేరుతో దాచడం కూడా పెత్తనమే.

అందుకే బిల్లింగ్ ఫారంలో ఒక ప్రశ్న చేర్చాం: రిపోర్టు రాగానే మీకే పంపమంటారా, డాక్టరు గారి ద్వారా చెప్పమంటారా, ఇంట్లో ఫలానా వాళ్లతో కలిపి చెప్పమంటారా? స్పైక్స్‌లో మూడో మెట్టు ఇదే. మనుషులను అడగడం.

రెండు వారాల తర్వాత డేటా చూస్తే బయాప్సీలకు దాదాపు అందరూ 'వెంటనే నాకే పంపండి' అన్నట్టు ఉంది. అనుమానం వచ్చి మళ్లీ స్టూల్ వేసుకుని కూర్చున్నాను. ఎవరూ ఎవరినీ అడగడం లేదు. స్క్రీన్ మీద ఆ గడిలో టిక్ ముందే పడి ఉంది, మా కుర్రాడు ఖాళీగా ఎందుకని పెట్టాడు. పొద్దున ఏడున్నరకు వరసలో నలభై మంది ఉంటే కౌంటర్ అమ్మాయి ఆ టిక్ ముట్టుకోకుండా ముందుకు వెళ్తోంది. ఆమెను ఏమనగలం? ఆ మెట్ల మీది కుటుంబం లాంటిదే ఇంకొకటి ఆ రెండు వారాల్లో ఎక్కడైనా ఉండి ఉంటుందా అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

టిక్ తీసేశాం. గడి నింపకపోతే బిల్లు ముందుకు పోదు. కానీ ప్రశ్నను బయాప్సీ జాబితాకే పరిమితం చేశాం, షుగర్ టెస్టుకు వచ్చినవాళ్లను అడగక్కర్లేదు. దాంతో అడగాల్సినవాళ్లు రోజుకు కొద్దిమందే అయ్యారు. వాళ్లను వరస నుంచి పక్కకు పిలిచి, కుర్చీ వేసి అడుగుతున్నారు. కుర్చీ అక్క ఆలోచన.

వద్దన్న ఒకటి

రిపోర్టును తెలుగులో వివరించి చెప్పే చాట్‌బాట్ పెడదామని మేనేజ్‌మెంట్ అడిగింది. నర్సు జీతం మిగులుతుందని వాళ్ల లెక్క. షుగర్, కొలెస్ట్రాల్ లాంటి వాటికి, మాటల అర్థం చెప్పేంతవరకు అయితే ఆలోచిస్తామన్నాం. మొదటి జాబితాకు మాత్రం ఒప్పుకోలేదు.

1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే మాట్లాడే ప్రోగ్రాం చేశారు. అది అవతలివాళ్ల మాటలనే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతకు మించి దానికేమీ తెలియదు. అది ఎలా తయారైందో చూసిన ఆయన సెక్రటరీ కూడా దానితో మాట్లాడుతూ కాసేపటికి ఆయన్ని గది బయటికి వెళ్లమంది. కంప్యూటర్ చేయగలదా అన్నది వేరు, దానికి అప్పగించవచ్చా అన్నది వేరు అని ఆయన తర్వాత జీవితమంతా వాదించారు. రాత్రి పదింటికి భయంలో ఉన్న మనిషి ఓపిగ్గా జవాబిచ్చే దేన్నయినా నమ్ముతుంది. ఆ నమ్మకానికి బాధ్యత వహించే మనిషి అవతల లేనప్పుడు దాన్ని తీసుకోవడం సరి కాదనుకున్నాం. ఆ కాంట్రాక్టు కొంత చేజారింది.

ఖర్చు, కాగితం

రెండు నర్సుల షిఫ్టులు, రెట్టింపు మెసేజ్‌ల బిల్లు. టీఏటీ బయాప్సీలకు పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని మేం రెండుగా విడగొట్టాం. ల్యాబ్ పని పూర్తయ్యే టైము ఒకటి, రోగి డాక్టరుతో మాట్లాడిన టైము ఒకటి. రెండోది ఇంతకుముందు ఎవరూ కొలవలేదు. 'రిపోర్టు వచ్చిందా, ఇందులో ఏముంది' అని కౌంటర్ చుట్టూ మూగేవాళ్లు తగ్గారని సెంటర్‌వాళ్లే చెప్పారు. ఖర్చు అంతటితో పూడిందని నేను చెప్పలేను. యజమాని దీన్ని కొనసాగించడానికి అసలు కారణం ఆ మెట్ల దృశ్యం ఆయన కూడా చూడడం.

ఇంకొకటి, కాగితం రిపోర్టును పూర్తిగా ఎత్తేయాలన్న మా పాత ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. టవర్లు కూలి, కరెంటు పోయి, ఫోన్లు మూగబోతే పక్క వీధిలోని చుట్టాలు బతికి ఉన్నారో లేదో నడుచుకుంటూ వెళ్లి చూసుకున్నాం. కాగితం అడిగినవాళ్లకు అడిగినట్టు ఇస్తున్నారు.

ఇంకా కాని పనులు

డాక్టరు రిపోర్టు చూశారో లేదో నర్సమ్మ ఇప్పటికీ ఫోన్ చేసి కనుక్కోవాల్సి వస్తోంది. కొందరు డాక్టర్లు చూడకుండానే చూశామంటారు. గుట్ట మీదే సిగ్నల్ ఉన్నవాళ్లకు ఏం చేయాలో మాకు సరైన దారి దొరకలేదు. సంత రోజు అడిగి రాసుకుని, ఆ రోజు ఫోన్ చేస్తున్నాం, అది అందరికీ కుదరదు.

ఒడియా మాట్లాడేవాళ్లకు ఇంకా తెలుగు గొంతే వెళ్తోంది. కలెక్షన్ సెంటర్‌లో రక్తం తీసే అమ్మాయిది రాయగడ వైపు. తన గొంతు ఇస్తానంది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం, యంత్రాలు ఆపాక రికార్డింగ్ పెట్టుకున్నాం. మొదటి వాక్యం ఆమెనే చెప్పుకోమన్నాం.